పక్క తలుపు దాటిన ట్రాలీ

పోయిన వారం మన డాక్టరమ్మను ఒక ఇనుప తలుపు పక్కన, ఆవిరి మధ్యలో, నోరు తెరుచుకుని నిలబడ్డ చోట వదిలేసి వచ్చాం. వారం పాటు అలాగే నిలబెట్టినందుకు ఆమె నన్ను తిట్టుకున్నా తప్పులేదు. ఇప్పుడే బండెక్కిన పాఠకుల కోసం మాత్రం జరిగిన కథ రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను.

డాక్టరమ్మ ఇంకా డాక్టరు కాలేదు. మేనేజ్‌మెంటులో పిహెచ్‌డి చేస్తోంది. పరిశోధన ఆస్పత్రుల దుప్పట్లు, రోగుల గౌన్లు ఉతికి ఇస్త్రీ చేసే ఓ పెద్ద లాండ్రీ మీద. పట్టా చేతికి రాకముందే లాండ్రీలో ఆడవాళ్ళు ఆ పేరు తగిలించేశారు. ఇంట్లో అత్తగారు అంతకంటే ముందున్నారు. కోడలు డాక్టరవుతోందని ఆవిడ వీధంతా చాటితే, ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు మోకాళ్ళు చూపించుకోవడానికి కూడా వచ్చి వెళ్ళారు.

ఆ లాండ్రీలో రెండు హాళ్ళు. పాత హాల్లో ఎవరు ఏ పని మీద నిలబడాలో ఇన్‌ఛార్జి చెబుతుంది. ఆవిడే పెద్దక్క. కొత్త హాల్లో ఆ పని కంప్యూటరు చేస్తుంది. గోడకున్న పెద్ద తెర మీద పేర్లు వెలుగుతాయి, వెలిగిన చోటికి వెళ్ళి నిలబడాలి. దాని పేరు ఆడవాళ్ళ భాషలో గోడ మేస్త్రి. పని పంచడంలో మనిషి మేలా, గోడ మేస్త్రి మేలా అన్నదే డాక్టరమ్మ ప్రశ్న. ఏడాది పొడవునా రెండు హాళ్ళ గుమ్మాల దగ్గర మడత కట్టల లెక్క చూస్తే గోడ మేస్త్రి గెలిచాడు. థీసిస్ బైండు కూడా అయింది. ఆ రోజు మధ్యాహ్నమే అందరి ముందూ వైవా. పెద్దక్కను స్వయంగా పిలుద్దామని పొద్దున్నే లాండ్రీకి వెళ్ళింది. అక్కడ చూసింది. ప్రమాదం జరిగితే తప్ప ఎవరూ తెరవకూడని పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. పాత హాల్లో మడతపెట్టిన దుప్పట్ల కట్టలు ట్రాలీ నిండా పేర్చి, దర్జాగా కొత్త హాల్లోకి తోసుకుపోతోంది పెద్దక్క.

ఇక కథలోకి రండి.

"పెద్దక్కా!"

పెద్దక్క తిరిగి చూసింది. దొరికిపోయినవాళ్ళు తడబడతారని మీరూ నేనూ అనుకుంటాం. ఆవిడ మొహం మాత్రం విప్పారింది.

"ఇన్నాళ్ళకి చూశావా తల్లీ! ఇంత చదువు చదివి ఇంకా కనిపెట్టవేంటా అని మేమే అనుకుంటున్నాం. ఆ తలుపు కాస్త పట్టుకో, చక్రం ఇరుక్కుంటోంది."

డాక్టరమ్మ తలుపు పట్టుకుంది. పట్టుకున్నాక గాని ఏం చేస్తోందో తెలియలేదు. ట్రాలీ గడప దాటింది. అవతల కొత్త హాలు ఆడవాళ్ళు అలవాటైన పనిలా కట్టలు అందుకుని, తమ గుమ్మం దగ్గరున్న లెక్క యంత్రం ముందు ఒక్కొక్కటీ జరిపారు. యంత్రం కూతలు పెట్టింది. గోడ మేస్త్రి మీద పచ్చ దీపం వెలిగింది. అది వెలిగితే ఆ పూట పని అనుకున్నంతా అయినట్టు. ఏడాదిగా ఆ పచ్చ దీపాన్ని చూసి డాక్టరమ్మ ఎంత మురిసిపోయిందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

"ఇదేంటి పెద్దక్కా? ఇవి మీ హాలు కట్టలు కదా. వాళ్ళ లెక్కలో ఎందుకు పడుతున్నాయి?"

"పడాలి మరి. నీ పట్టా చేతికొచ్చేలోపు ఆపేస్తే నువ్వు పరీక్ష తప్పవూ?"

"నేనా?"

పెద్దక్క ట్రాలీని గోడకు ఆనించి, చీర కొంగుతో మెడ తుడుచుకుని, చంటిపిల్లకు నచ్చచెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"మొదటి రోజు నువ్వే చెప్పావుగా. మమ్మల్నందరినీ కూచోబెట్టి, కొత్త పద్ధతిలో పని ఎక్కువ అవుతుందని నేననుకుంటున్నాను, అవుతుందో లేదో లెక్క చూస్తాను అన్నావు. అంటే నువ్వనుకున్నది తప్పయితే పరీక్ష పోయినట్టే కదా. నెల తిరిగేసరికి నీ కంప్యూటర్లో గీత కిందికి పోయింది. కొత్త హాలు వెనకబడింది. ఆ రోజు నీ మొహం చూడలేకపోయాం. టిఫిన్ డబ్బా కూడా తెరవలేదు నువ్వు. అప్పుడే అందరం అనుకున్నాం, పోనీ పాపం, ఈ పిల్లని గట్టెక్కిద్దామని."

డాక్టరమ్మ పక్కనున్న దిండు గలీబుల కట్ట మీద కూలబడింది.

పరిశోధనలో మొదట ఒకటి ఊహించుకుని బయలుదేరతారు. ఆ ఊహ నిజమని తేలినా పట్టా వస్తుంది, తప్పని తేలినా వస్తుంది. సరిగ్గా తేల్చారా లేదా అన్నదే చూస్తారు. డాక్టరమ్మకు అది ఎంత సహజంగా ఒంటబట్టిందంటే, వేరే ఎవరైనా మరోలా అనుకుంటారని తోచనే లేదు. ఈ ఆడవాళ్ళు చూసిన పరీక్షలన్నీ జవాబు తప్పయితే సున్నా వేసేవే. అందుకని జవాబును ఒప్పు చేసి పెట్టారు, రోజూ, ట్రాలీలో.

"అయితే నేను అడిగినప్పుడల్లా గోడ మేస్త్రి బాగున్నాడు, బాగున్నాడు అని చెప్పారే అందరూ!"

"ఏం బాగో! ఆ ఇస్త్రీ రోలరు దగ్గర ఉన్నారే, ఆ ఇద్దరూ తోడికోడళ్ళు. మాటల్లేవు. చేతివేగం ఒకటేనని గోడ మేస్త్రి ఏడాదిగా ఇద్దర్నీ ఒకే దుప్పటికి కడుతున్నాడు. ఈ కొస ఆవిడ లాగితే ఆ కొస ఈవిడ వదలదు. దుప్పటి వంకరగా దూరి ముడతలతో బయటికొస్తుంది, మళ్ళీ తడిపి మళ్ళీ పెట్టాలి. నేనయితే మొదటి రోజే విడదీసేదాన్ని."

కొత్త హాల్లోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. నవ్వింది తోడికోడళ్ళలో ఒకావిడ. రెండో ఆవిడ ఎప్పటిలాగే మొహం తిప్పుకుంది.

డాక్టరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేలక రెండూ ఆగిపోయాయి. అయిదేళ్ళ చదువు. ఫెలోషిప్పు ఎప్పుడో అయిపోతే భర్త జీతంలోంచి ఫీజు కట్టిన చదువు. రేపో మాపో అచ్చులో రావలసిన వ్యాసం. అన్నింటికీ ఆధారం ఒక్క గీత. ఆ గీతను పైకి తోసినవాళ్ళు ఎదురుగా నిలబడి, ఇంకా ఏమైనా కావాలా అన్నట్టు చూస్తున్నారు.

"ఎందుకు పెద్దక్కా? మీకు నేనేం చేశానని?"

 ఇదేం ప్రశ్న అన్నట్టు పెద్దక్క భుజాలెగరేసింది.

"ఇక్కడికి సార్లు వస్తారు, చెప్పి పోతారు. నువ్వు అడిగి, మేం చెప్పేదాకా కూచున్నావు. ఒకసారి మా పిల్ల ఒకత్తికి జ్వరమొస్తే రోలరు దగ్గర నువ్వు నిలబడ్డావు. నీ దుప్పట్లు ఎంత దరిద్రంగా వచ్చాయో గుర్తుందా? అయినా నిలబడ్డావు. ఇంకేం చెయ్యాలి?"

అప్పుడు డాక్టరమ్మకు థీసిస్ చివరి అధ్యాయం గుర్తొచ్చింది. 

ఆ అధ్యాయం పేరు సిఫారసులు. అందులో తన చేత్తో రాసిన వాక్యం ఒకటుంది. పని పంచే బాధ్యత పూర్తిగా తెరకే అప్పగించవచ్చు, ఇన్‌ఛార్జిలను వేరే పనులకు మళ్ళించవచ్చు అని. లాండ్రీ యజమాని ఆ వాక్యం మొదటి సగం మాత్రమే చదివాడు. తెరలకు ఆర్డరిచ్చేశానని నిన్ననే ఫోన్లో సంబరంగా చెప్పాడు. ఇన్‌ఛార్జిల సంగతేంటని ఆమె అడిగితే, వాళ్ళతో ఇంకేం పని మేడం, మీరే రాశారుగా అన్నాడు. వైవా అయ్యాక ఆయనతో నెమ్మదిగా మాట్లాడి ఒప్పిద్దామనుకుంది. అప్పటికి ఆ లెక్క నిజమని నమ్ముతోంది కదా.

చెప్పక తప్పలేదు. తల వంచుకునే చెప్పింది.

పెద్దక్క విన్నది. ట్రాలీలో మిగిలిపోయిన ఒక కట్టను చేతిలోకి తీసుకుని, చక్కగానే ఉన్న మడతను మళ్ళీ సరిచేసింది.

"అంటే నన్ను నేనే ట్రాలీలో పెట్టి బయటికి తోసుకున్నానన్నమాట," అంది.

అని నవ్వింది. వెనకాల ఉన్న ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. పెద్దక్క భర్త మంచం పట్టి చాలా కాలమైంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈవిడ జీతంతోనే. డాక్టరమ్మకు అది తెలుసు. థీసిస్ అనుబంధంలో, పేరు లేకుండా, ఆ విషయం రాసింది కూడా ఆమే.

"వైవాలో నిజం చెప్పేస్తాను పెద్దక్కా."

"చెబితే నీకు పట్టా ఇస్తారా?"

"ఇప్పుడివ్వరు. లెక్కంతా మళ్ళీ మొదట్నుంచి తియ్యాలి. తియ్యనిస్తారో లేదో కూడా తెలీదు."

పెద్దక్క ఇంకేం మాట్లాడలేదు. పెద్దక్క మాట్లాడలేదంటే మనసులో ఏదో తేల్చేసుకుందని అర్థం. ఏడాది పాటు ఆవిడ పక్కనే కూర్చున్న డాక్టరమ్మకు ఆపాటి తెలిసి ఉండాలి. కానీ ఆ క్షణాన ఆమె చూపు పెద్దక్క మీద లేదు. పక్క తలుపు మీద ఉంది, ఖాళీ ట్రాలీ మీద ఉంది. ఏదో ఒక ఆలోచన మొదట చిన్నగా మెదిలి, తర్వాత గుండెల్లో దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

పాత హాలు రోజూ తన పని తాను చేసుకుంది. ఆ పైన పక్క హాలు లోటు కూడా పూడ్చింది. ఎవరూ చెప్పలేదు. ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వలేదు. గోడ మేస్త్రికి తెలియలేదు, యజమానికి తెలియలేదు, రోజూ అక్కడే తిరిగిన పరిశోధకురాలికీ తెలియలేదు. ఆస్పత్రులకు ఒక్క దుప్పటి ఆలస్యం కాలేదు. రెండు హాళ్ళ మధ్య ఇంత పెద్ద ఏర్పాటు ఏడాది పాటు ఎలా నడిచింది? ఈ రోజు ఎన్ని కట్టలు పంపాలో ఎవరు చెప్పేవారు? ఎవరు తగ్గితే ఎవరు అందుకునేవారు? పనివాళ్ళ చేత పని ఎలా చేయించాలా అని ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు తలలు పట్టుకుంటున్నాయే, దాని జవాబు ఇక్కడ చక్రాల మీద తిరుగుతోంది. తను దానికి తలుపు పట్టుకుని నిలబడింది!

"పెద్దక్కా, నా థీసిస్ తప్పు!" అని అరిచింది డాక్టరమ్మ. పరీక్ష తప్పినవాళ్ళు అలా అరవరు. లాటరీ తగిలినవాళ్ళు అరుస్తారు. "మొత్తం తప్పు! అసలు సంగతి ఇది! నేను అడగాల్సిన ప్రశ్న ఇది!"

చేతిలో కట్టతో సహా పెద్దక్కను వాటేసుకుని, బ్యాగు భుజాన వేసుకుని, ఆవిరిలోంచి వీధిలోకి పరిగెత్తింది. చెప్పు ఒకటి జారిపోతే వెనక్కి వచ్చి తొడుక్కుని మళ్ళీ పరిగెత్తింది.

బస్సులోంచి తన పిహెచ్‌డి గైడుకు ఫోన్ చేసింది. ఆ పెద్దమనిషి మెత్తని మనిషి, తొందరపడటం ఎరగడు. ఆమె ఒక్క గుక్కలో చెప్పిందంతా విని, "అమ్మాయ్, బస్సులో ఉన్నావా, ఇంకా నిద్రలోనే ఉన్నావా?" అని అడిగాడు.

"బస్సులోనే సార్."

"అయితే నే చెప్పేది విను. ఇవాళ నోరెత్తకు. పట్టా పుచ్చుకో. ఆ ట్రాలీ సంగతి తర్వాత వేరే వ్యాసంగా రాసుకుందువుగాని. ఇప్పుడు చెప్పావంటే తిప్పి పంపేస్తారు. నీ గడువు అయిపోవచ్చింది, తెలుసుగా?"

"తర్వాత అంటే అప్పటికి తెరలు బిగించేస్తారు సార్. పెద్దక్కని పంపించేస్తారు."

"థీసిస్ నేను చదివాను, కనిపెట్టలేదు. కత్తెర మేడం చదివింది, ఆవిడా కనిపెట్టలేదు. ఇంకెవరు కనిపెడతారు?"

కత్తెర మేడం అంటే బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే పరీక్షకురాలు. చేతికొచ్చిన ఏ థీసిస్‌నూ కత్తిరించకుండా వదలదని ఆ పేరు.

"నేను కనిపెట్టాను సార్," అంది డాక్టరమ్మ.

 అవతల గైడు గొంతు సవరించుకున్నాడు.

"నేను వద్దనే చెప్పాను, గుర్తుపెట్టుకో. సర్లే... ఇంతకీ రోజుకెన్ని కట్టలు పంపాలో ఎవరు తేల్చేవారు?"

"తెలీదు సార్! అదే కనుక్కోవాలి!"

"తొందరగా రా," అన్నాడు గైడు. ఆయన గొంతులో అంత హుషారు ఆమె ఎప్పుడూ వినలేదు.

సెమినార్ హాలు నిండిపోయింది. మొదటి వరసలో యజమాని, కొత్త కోటుతో. రెండో వరసలో భర్త, పక్కన అత్తగారు, అత్తగారి పక్కన ఆ మోకాళ్ళ ముసలమ్మలు. వెనక వరసల్లో పొద్దుటి షిఫ్టు దిగి, తల దువ్వుకుని, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని వచ్చిన పాత హాలు ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యలో పెద్దక్క. డాక్టరమ్మను చూసి చెయ్యూపింది. ధైర్యంగా ఉండు, ఏం కాదు అన్నట్టు తలూపింది కూడా.

యజమాని లేచి వచ్చి చెయ్యి కలిపాడు. "మీ రిపోర్టు మాకు కొండంత ధైర్యం మేడం. అన్ని బ్రాంచీలకీ తెరలు వచ్చేస్తున్నాయి. ఇక ఈ ఇన్‌ఛార్జిల గోల ఉండదు."

వేదిక మీద కత్తెర మేడం కళ్ళజోడు సర్దుకుని, మొదలుపెట్టమన్నట్టు చూసింది. డాక్టరమ్మ మైకు దగ్గరికి వెళ్ళింది. తెర మీద మొదటి బొమ్మ పడింది. రెండు గీతలు. పాత హాలు గీత కింద, కొత్త హాలు గీత పైన. అత్తగారు చప్పట్లు కొట్టారు. ఇంకా ఏమీ అవలేదని కొడుకు చెవిలో చెబితే మానేశారు.

"ఈ బొమ్మ నిజం కాదు," అంది డాక్టరమ్మ.

మైకు బాగా పనిచేస్తోంది. హాలంతా వినబడింది.

ఇక ఆగలేదు. పక్క తలుపు సంగతి చెప్పింది, ట్రాలీ సంగతి చెప్పింది. తను వేసుకున్న ఊహను వాళ్ళు పరీక్ష జవాబనుకున్న సంగతి, తనను గట్టెక్కించాలని ఏడాది పాటు పడ్డ కష్టం సంగతి చెప్పింది. సిఫారసుల అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నానంది. గోడ మేస్త్రి గెలవలేదు, రోజూ ఓడిపోయాడు, అతన్ని గెలిపించింది మనుషులు, ఆ మనుషులనే ఆ పని నుంచి తప్పించమని నేను రాశాను అంది.  చెబుతున్నకొద్దీ భయం పోయి మొహం వెలిగిపోయింది. చేతులు తిప్పుతూ, ట్రాలీ ఎటునుంచి ఎటు పోయేదో వేదిక మీద అటూ ఇటూ నడిచి చూపించింది. కుర్రకారు పరిశోధకులు కుర్చీల అంచుకు జరిగి వింటున్నారు. గైడు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అడిగితే జలుబన్నాడు.

యజమాని మొహం కందగడ్డలా అయింది. లేచి నిలబడ్డాడు. "ఏంటండీ ఇది? ఆర్డర్లిచ్చాక కథలు చెబుతారేంటి?"

కత్తెర మేడం చెయ్యెత్తి ఆయన్ని కూర్చోబెట్టింది. ఆవిడ పెన్ను కింద పెట్టేయడం ఆ యూనివర్సిటీలో ఎవరూ చూసి ఎరగరు. ఇప్పుడు పెట్టేసింది.

"నేనీ థీసిస్ రెండుసార్లు చదివాను. ఇది నాకు దొరకలేదు," అంది మెల్లగా. "మీరు చెప్పేది నిజమైతే, చేతిలో ఉన్న థీసిస్ కంటే చాలా పెద్ద సంగతి. మళ్ళీ లెక్క తియ్యడానికి గడువు నేనే అడిగి ఇప్పిస్తాను. కానీ ఒక్క మీ మాట మీద నేనేమీ చెయ్యలేను. ఆ ట్రాలీ తోసినవాళ్ళెవరైనా ఇక్కడున్నారా?"

డాక్టరమ్మ నవ్వింది. ఆ రోజంతటిలో ఆమె గుండె అంత తేలికపడింది అప్పుడే. వెనక వరస వైపు చెయ్యి చూపించింది.

"ఉన్నారు మేడం. పెద్దక్కా, ఒకసారి లే."

పెద్దక్క లేచింది. కొంగు సర్దుకుంది. డాక్టరమ్మ వైపు ప్రేమగా చూసింది. తర్వాత వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం పెట్టింది.

"ట్రాలీ ఏంటండీ? మా హాల్లోంచి పక్క హాలుకి ఒక్క దుప్పటి కూడా పోలేదు. ఆ తలుపు తెరవకూడదని మాకు తెలీదా?" అంది. గొంతులో తొణుకూ బెణుకూ లేవు. "పాపం, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు ఆ పిల్ల. భయంతో ఏదేదో మాట్లాడుతోంది. అది రాసిందంతా నిజమేనండీ. గోడ మేస్త్రే గెలిచాడు. ఆ పట్టా ఇచ్చేయండి బాబూ."

"పెద్దక్కా!"

ఆ కేక ఎవరూ పట్టించుకోలేదు. పెద్దక్క పక్కావిడ లేచింది. అవునండీ, ఏ ట్రాలీ లేదంది. ఆ పక్కావిడ లేచింది. చూస్తుండగానే పాత హాలు హాలంతా లేచి నిలబడింది, ఒక్కరు తక్కువ కాకుండా. యజమాని మొహంలోకి మళ్ళీ నవ్వొచ్చింది. అత్తగారు ఈసారి ఎవరినీ అడగకుండానే చప్పట్లు కొట్టారు.

కత్తెర మేడం మాత్రం పెద్దక్కను చాలాసేపు చూసింది. తర్వాత కింద పెట్టిన పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుని, వేదిక మీద ఒంటరిగా నిలబడ్డ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"వాళ్ళందరూ మీ థీసిసే నిజమంటున్నారు. పట్టా ఇవ్వడానికి నాకిప్పుడు అభ్యంతరం లేదు," అంది. "చెప్పండి. పుచ్చుకుంటారా?"